మెట్టసీమవారికి కడలియొడ్డున విడిది

నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలకు ఏ దిక్కునను సముద్రము దగ్గర కాదు. తూర్పున బంగాళాఖాతము, పడమట అరేబియా సముద్రము ఉన్నవి. ఆ రెండింటి నడుమ గట్టినేల మీద మన కాపురము. రాతిగుట్టలు, కందిచేలు, ఆముదపుచేలు, వానకొరకు ఎదురుచూచు చెరువులు మన కన్నులకు అలవాటైన దృశ్యము. నల్లగొండ ప్రాంతమున కొన్ని గ్రామములవారు తరతరములుగా ఫ్లోరైడు నీరు త్రాగి, కీళ్లు బిగిసి, ఎముకలు వంగి బాధపడిన సంగతి దేశమంతటికి తెలిసినదే. నీటిలోని ఫ్లోరైడును తొలగించు ఒక విధానమునకు 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు నిలిచినది. ఇట్టి నేల మీద పుట్టి పెరిగినవారు నాలుగు దినములు సెలవు దొరకగానే నీటియొడ్డునకు పోవలెనని కోరుకొనుటలో వింత లేదు.

పోవలెననుకొనుట సులభమే. ఎక్కడ దిగవలెను అనునది వచ్చిన చిక్కు. ప్రకటనలను చూచినచో అన్ని రిసార్టులును ఒక్క తల్లి బిడ్డలవలె కనబడును. అదే నీలిరంగు ఈతకొలను, అదే కొబ్బరిచెట్టు, అదే తెల్లని పరుపు, అదే పళ్లరసపు గ్లాసు. ఏడాది పొడుగున కూడబెట్టిన సొమ్ము మూడు రాత్రులలో ఖర్చు చేయదలచిన గృహస్థుడు ఈ బొమ్మలలో దేనిని నమ్మవలెను? మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. ఈతకొలను, పరుపు, పళ్లరసము ఎక్కడనైనను దొరకును, హైదరాబాదులోను దొరకును. రిసార్టునకును రిసార్టునకును ఉన్న నిజమైన భేదము ప్రహరీగోడకు లోపల లేదు, వెలుపల ఉన్నది. కనుక మొదట నీటిని ఎంచుకొనవలెను, తరువాత నెలను, ఆ తరువాతనే ఇంటిని.

అయినను ఇంటిని గురించి కూడ ఒక మాట చెప్పి ముందునకు పోవుదము. ప్రకటనలలో 'సీ వ్యూ' అని, 'బీచ్ ఫ్రంట్' అని రెండు మాటలు వినబడును. మొదటిదానికి అర్థము గదినుండి సముద్రము కనబడునని మాత్రమే. అది అరమైలు దూరమునుండి, రెండు కప్పుల సందునుండి కనబడినను ఆ మాట అబద్ధము కాదు. రెండవదానికి అర్థము ఇసుకమీదనే విడిది ఉన్నదని. ఈ రెంటికిని వెలలో పెద్ద వ్యత్యాసము ఉండును. అంతకంటె పెద్ద వ్యత్యాసము ముసలివారి మోకాళ్లకు తెలియును. విశాఖపట్టణమున బీచి రోడ్డుమీది పెద్ద హోటళ్ల కిటికీలనుండి సముద్రము దివ్యముగా కనబడును. కాని హోటలునకు, ఇసుకకు నడుమ వాహనములు ఎడతెగక తిరుగు రోడ్డు ఉన్నది. కీళ్లు బిగిసిన తల్లిని, పరుగెత్తు మనుమని వెంటబెట్టుకొని ఆ రోడ్డును దినమునకు నాలుగుసార్లు దాటవలెనన్న సంగతి ఏ బొమ్మలోను కనబడదు. గది బుక్కు చేయుటకు ముందు టెలిఫోనులో అడుగవలసిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు. మంచము దిగి ఇసుకపై అడుగు పెట్టుటకు ఎన్ని మెట్లు, ఎన్ని అడుగులు, నడుమ ఏమి ఉన్నది అని.

ఇక నీటి మాట. మెట్టసీమవారు విడిది ఎంచుకొనుటలో దీనిని తేలికగా తీసికొందురు. ప్రాణముల మీదికి వచ్చునది మాత్రము ఇదే.

మన పల్లెలలో ఈత రానివారు లేరా, ఉన్నారు. కాని వచ్చినవారికి గట్టిగానే వచ్చును. ఎండిన సొరబుర్ర నడుమునకు కట్టుకొని మోటబావిలో దూకి నేర్చినవారు, అలుగు పారెడి చెరువును ఈ గట్టునుండి ఆ గట్టునకు ఈదినవారు ప్రతి ఊరిలోను ఉన్నారు. ఆ ధైర్యముతోనే వారు సముద్రమున దిగుదురు. బావినీరు నిలిచి ఉండును, ఈదువాడే కదలును. సముద్రమున నీరు కదలును. ఈదువాడు తాను కదలుచున్నానని భ్రమపడును. ఆ భ్రమలో ఎంత దూరము పోయితిమో తెలియదు.

అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు మరల లోనికి పోవలెను గదా. ఒడ్డునకు కొంత దూరమున నీటి అడుగున ఇసుకమేటలు ఉండును. తిరిగిపోవు నీరు ఆ మేటల నడుమ ఎక్కడ సందు దొరకిన అక్కడికి చేరి, సన్నని కాలువవలె వేగముగా లోనికి పరుగెత్తును. దీనినే శాస్త్రజ్ఞులు రిప్ కరెంటు అందురు. సాధారణముగా అది సెకనునకు ఒకటి రెండు అడుగుల వేగముతో పోవును. ఒక్కొక్కప్పుడు సెకనునకు ఎనిమిది అడుగుల వరకు పోవును. ఒలింపిక్ పందెములలో గెలిచిన ఈతగాడు కూడ ఆ వేగమునకు ఎదురీదలేడు. ఇందులో మోసకరమైన అంశము ఒకటి కలదు. ఆ సందు ఉన్నచోట అలలు విరుగవు. అటు ఇటు తెల్లని నురుగుతో అలలు పడుచుండగా నడుమ ఒక్కచోట నీరు నల్లగా, ప్రశాంతముగా కనబడును. క్రొత్తవాడు, పిల్లలను వెంట తెచ్చినవాడు, అలలు లేనిచోటు మేలని సరిగా అక్కడనే దిగును.

ఈ ప్రవాహము మనిషిని అడుగునకు లాగదు. లోనికి మాత్రమే లాగును. దానిని తెలిసినవాడు ఒడ్డువైపు ఎదురీది అలసిపోడు. తేలియుండి ఊపిరి నిలుపుకొనును. ఒడ్డునకు సమానముగా, అనగా పక్కవాటుగా, కొంతదూరము ఈది కాలువనుండి బయటపడును. అటుపిమ్మట అలలతోపాటు ఒడ్డునకు వచ్చును. ఈదలేనిచో చేయి ఎత్తి పిలిచి, తేలియుండుటయే పని. ఒకడు మునుగుచుండగా వానిని పట్టుకొనుటకు అన్న, అన్నను పట్టుకొనుటకు స్నేహితుడు దూకి, ఒక్క ఇంటినుండి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఏటేట వినుచునే ఉన్నాము. గాలి నింపిన ట్యూబు గాని, మూతబిగించిన ఖాళీ డబ్బా గాని, తాడు గాని విసరవలెను. ఈత నేర్చిన రక్షకుడు కానివాడు దూకరాదు.

ఈ దృష్టితో మనకు అందుబాటున ఉన్న తీరములను చూతము.

నల్లగొండవారికి సమీపమైనది బాపట్లయొద్ద సూర్యలంక. మిర్యాలగూడ, నడికుడి మీదుగా గుంటూరునకు రైలుమార్గము ఉన్నది. కారులో పోవువారు తెల్లవారుజామున బయలుదేరినచో మధ్యాహ్న భోజనమునకు బాపట్ల చేరవచ్చును. పట్టణమునుండి సముద్రము 9 కిలోమీటర్లు. సరుగుడుతోపులు దాటగానే ఎదుట నీరు. ఆంధ్రప్రదేశ్ పర్యాటకశాఖవారి కుటీరములు ఇసుకకు చేరువగా ఉన్నవి. విలాసమని చెప్పదగినది అక్కడ తక్కువ. తువ్వాలు మందము, పళ్లెములలో అలంకారము కోరువారు చీరాల దగ్గరి రామాపురము వైపు వెలసిన ప్రైవేటు రిసార్టులను చూచుకొనవలెను. మా దృష్టిలో సూర్యలంకలో ఉన్న అసలు విలాసము దగ్గరదనమే. ముసలివారు కుటీరపు వసారాలో కుర్చీ వేసికొని కూర్చుండి అలల చప్పుడు వినవచ్చును. కాని శని, ఆదివారములలోను, కార్తికపూర్ణిమనాడును ఆ తీరము జాతరగా మారును. ఏకాంతము కోరువారు వారము నడుమ పోవలెను. ఇంకొక సంగతి: ఇది తెరచియున్న తీరము, అలలకు అడ్డుగా కొండ లేదు, దీవి లేదు. మోకాలిలోతు దాటరాదను నియమమును ఇంటిపెద్ద పెట్టి, తానును పాటింపవలెను.

విశాఖపట్టణము మరియొక తీరు. అక్కడ తూర్పుకనుమలు వచ్చి సముద్రమును తాకును. దృశ్యమునందు మన రాష్ట్రముల తీరమున దానికి సాటి లేదని మా తలంపు. నల్లగొండనుండి విశాఖ ఎక్స్‌ప్రెస్సు తిన్నగా పోవును. మహబూబ్‌నగరునుండియు విశాఖకు తిన్నగా రైలు ఉన్నది. నగరము ఎదుటనున్న రామకృష్ణా బీచి చూచుటకే గాని స్నానమునకు కాదు. అక్కడ నేల ఒక్కసారిగా లోతునకు దిగును, అల వెనుకకు పోవునపుడు కాలిక్రింది ఇసుకను లాగుకొనిపోవును. స్నానమునకు రుషికొండ కొంత నయము. 2020లో ఆ తీరమునకు అంతర్జాతీయమైన బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించినది. నీటి శుభ్రత, రక్షకుల ఏర్పాటు, బట్టలు మార్చుకొను గదులు మొదలైనవాటిని పరీక్షించి ఇచ్చు గుర్తింపు అది. ఒకసారి ఇచ్చిన తరువాతను మరల మరల పరీక్షింతురు. పూర్వము రుషికొండ గుట్టమీద పర్యాటకశాఖవారి హరిత కుటీరములు ఉండెడివి. పదేండ్ల క్రిందట అక్కడ దిగిన బంధువుల మాట పట్టుకొని ఇప్పటికిని వాటికొరకు విచారించువారు ఉన్నారు. వాటిని 2021లో పడగొట్టి, ఆ స్థలమున క్రొత్త భవనములు కట్టిరి. బంధువుల జ్ఞాపకము ప్రేమకు మంచిదే గాని విడిదికి చాలదు. ఇటీవల పోయివచ్చినవారిని అడుగవలెను. నిదానమైన ఊరు కోరువారు ఇంకను ఉత్తరముగా భీమునిపట్టణమునకు పోవుదురు. గోస్తనీ నది కలియుచోట డచ్చివారి కాలపు సమాధులు, పాత దీపస్తంభము, సందడి లేని వీథులు ఉన్నవి. నది కలియుచోట మాత్రము నీటిలో దిగరాదు.

పాలమూరువారికి పడమటి సముద్రము కూడ ఒక దారియే. మహబూబ్‌నగరు, గద్వాల, కర్నూలు మీదుగా గోవాకు రైలు ఉన్నది. రిసార్టులలో విలాసమనగా ఏమో, దానికి వెల యెంతో గోవాలో తెలియును. అక్కడి తీరమున మరియొక సౌకర్యము కూడ కలదు: 2008 నుండి శిక్షణ పొందిన రక్షకులు కాపలా కాయుచున్నారు. ఎఱ్ఱజెండా ఎత్తినచోట దిగరాదు. ఎఱుపు, పసుపు రెండు రంగుల జెండాలు పాతిన నడుమ స్నానము చేయవచ్చును. ఉత్తర గోవాలోని కలంగూట్, బాగా తీరములు యువకులవి. రాత్రి రెండుగంటల వరకు సంగీతము మ్రోగుచుండును. అమ్మమ్మను తీసికొనిపోవు సంసారి దక్షిణమునకు పోవుట మంచిది. అక్కడ పాలొలెం తీరము నెలవంకవలె వంగి, రెండు కొసలను రాతికొమ్ములు అడ్డముగా ఉండుటచేత అలల జోరు తగ్గును. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనము ఆ తీరమును నేరుగా తాకును. ఆ నెలలలో గదుల అద్దె సగమునకు దిగుట చూచి సంతోషింపరాదు; సముద్రము మూతపడిన సమయమున సముద్రపు విడిదికి పోవుట అది. వాన చూచుటకే పోవుదుమన్నవారితో మాకు వాదము లేదు.

నెలను గురించి ఇంకొంత చెప్పవలెను. మన ఇండ్లలో సెలవులు మూడు: వేసవి, దసరా, సంక్రాంతి. తూర్పుతీరమున వేసవి యనగా ఉక్కపోత. మన ఎండ పొడియెండ; చెట్టునీడకు పోయిన చల్లబడును. బాపట్ల ఎండలో చెట్టునీడనుకూడ చెమట ఆరదు. దసరాకు తెలంగాణ బడులకు దీర్ఘమైన సెలవులు వచ్చును. బతుకమ్మ పండుగ ముగియగానే ప్రయాణము కట్టవచ్చునని అందరికి ఆశ. బంగాళాఖాతమున తుఫానుల కాలము బలపడునది సరిగా అప్పుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినది. దసరా వెళ్లి పదిదినములైనను కాలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరనే తీరము దాటెను. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19వ తేదీని కృష్ణాజిల్లావారు ఇప్పటికిని మరువలేదు. కనుక తూర్పుసముద్రమునకు సంక్రాంతియే మేలైన వేళ. గాలి చల్లగా ఉండును, ఆకాశము తేటగా ఉండును, తుఫాను భయము మిక్కిలి తక్కువ. అద్దెలు మాత్రము మండుచుండును. పండుగ వెళ్లిన మరుసటి వారము పోగలవారు అదృష్టవంతులు.

రేడియోలో వాతావరణవార్తల చివర మత్స్యకారులకు చదువు హెచ్చరిక ఒకటి ఉండును. సముద్రము అల్లకల్లోలముగా ఉండునని, వేటకు పోరాదని, ఓడరేవులలో ఫలానా సంఖ్యగల ప్రమాదసూచిక ఎగురవేసిరని ఆ మాటలు. మెట్టలోని ఇండ్లలో ఆ వాక్యము వచ్చు సరికి వంటింటిలోనికి పోవుదురు. మనకు పడవ లేదు, వల లేదు, ఇక మనకేల అని. సముద్రతీరమున గది బుక్కు చేసినవారికి మాత్రము ఆ మూడు దినములు వార్తలన్నింటిలోను ముఖ్యమైన వాక్యము అదియే. పల్లెకారుడు పడవను ఒడ్డునకు లాగుకొన్న దినమున పట్టణపు విహారి నీటిలో దిగుటకు కారణము కనబడదు. ఈ కడలి సమాచారము ఎక్కడినుండి వచ్చునో తెలిసినచో మెట్టవారికి కొంత గర్వము కూడ కలుగును. అలల ఎత్తును, ప్రవాహములను, సునామీని గనిపెట్టి దేశపు తీరమంతటికి తెలియజేయు జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము 1999 నుండి హైదరాబాదులోనే పనిచేయుచున్నది. సునామీ హెచ్చరికల కేంద్రము 2007లో అక్కడనే వెలసినది. సముద్రము కనబడని ఊరినుండి సముద్రపు క్షేమసమాచారము పోవుచున్నది.

అమెరికాలో ఉద్యోగములు చేయు బిడ్డలు తల్లిదండ్రులను పిలిపించుకొని, అక్కడినుండి కరీబియను దీవులకు తీసికొనిపోవు రోజులు వచ్చినవి. నల్లగొండలోను, పాలమూరులోను అట్టి ఇండ్లు ఇప్పుడు అరుదు కావు. ఆ రిసార్టుల బొమ్మలు చూచిన వారికి సూర్యలంక కుటీరములు పాకలుగా తోచవచ్చును. అయినను ఎంపికకు సూత్రము మారదు. బార్బడోసు అను దీవిని చూడుడు. దాని పడమటి తీరమున నీరు చెరువువలె నిదానముగా ఉండును. ఖరీదైన విడుదులన్నియు అక్కడనే బారులు తీరినవి. తూర్పుతీరమును అట్లాంటికు మహాసముద్రము కొట్టుచుండును. బత్‌షీబా అనుచోట పలకలమీద అలలపై జారెడి సాహసికులు చేరుదురు, స్నానమునకు అది పనికిరాదు. ఒకే దీవిలో రెండు సముద్రములు. దీవి పేరు చూచి గది తీసికొన్నవానికి ఏది దొరకునో చెప్పలేము. అక్కడి రిసార్టులు ఎంత గొప్పవైనను ఇసుకతీరము వారి సొత్తు కాదు, అది ప్రజలది. పెద్ద హోటలు ఎదుట స్నానము చేయుటకు పెద్ద హోటలులో దిగవలసిన పనిలేదు.

మన పెద్దలు అమెరికాకు పోవునది సాధారణముగా ఇక్కడి ఎండలు తప్పించుకొనుటకు. అక్కడి తుఫానులను హరికేనులందురు. వాటి కాలము జూను 1 నుండి నవంబరు 30 వరకు. అనగా మనవారు అక్కడ ఉండు నెలలలో ఎక్కువ భాగము అదియే. దక్షిణపు కొసనున్న అరూబా, క్యురసావు వంటి దీవులు హరికేనుల దారికి చాలవరకు పక్కగా ఉన్నవి. వేసవిలోనే పోవలసినవారు ఆ వైపు చూచుట వివేకము. 2011 నుండి మరియొక పీడ కూడ వచ్చినది. సర్గాసమ్ అను గోధుమరంగు నాచు కుప్పలు కుప్పలుగా కొట్టుకొనివచ్చి, ఒడ్డున కుళ్లి, దుర్వాసన కొట్టును. ఆ తెల్లని ఇసుక బొమ్మ తీసిన నెలయందు నాచు ఉండదు. మనము పోవు నెలయందు ఉండవచ్చును.

ఆ దీవులలో తిండి, త్రాగుడు, ఆటపాటలు అన్నియు కలిపి ఒక్క రుసుము తీసికొను పద్ధతి ప్రబలముగా ఉన్నది. వినుటకు ఇంపుగా ఉండును. ఆ రుసుములో మద్యమునకును, మాంసమునకును, సముద్రపు చేపలకును పెద్ద వాటా ఉన్నదని మరువరాదు. పప్పు, అన్నము, పెరుగు తప్ప ముట్టని తల్లికొరకు, సారా వాసన పడని తండ్రికొరకు ఆ వాటాను చెల్లించుట ఎవరి విందునకో మనము చందా ఇచ్చినట్లగును. చిన్న వంటగది గల అద్దె ఇల్లు ఒడ్డున దొరకినచో అదే మేలు. త్రినిదాదులోనైనచో కందిపప్పు, పసుపు, మిరపకాయ వెదకనక్కరలేదు. మనవారు ఆ దీవులకు మొదట విహారమునకు పోలేదు. చెరకుతోటలలో ఒడంబడిక కూలీలుగా పోయిరి. 1845 మే 30న మొదటి ఓడ త్రినిదాదు చేరెను. తరువాత మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. పొట్టచేతబట్టుకొని ఊరు విడిచి పోవుట ఎరిగిన పాలమూరువారికి ఆ చరిత్రను వేరుగా వివరింప పనిలేదు.

ఇంటిలో పసిపిల్లలు, నడువలేని పెద్దలు ఉన్నవారు సముద్రమును మరియొక ఏటికి వాయిదా వేసి, కృష్ణనీటి ఒడ్డునకే పోరాదా అని మాకు తోచును. అది రెండవ తరగతి విహారమని మేము అనుకొనము. నాగార్జునసాగరునకు 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఆ రాతికట్టడపు ఆనకట్టలో పాలమూరు కూలీల చెమట ఎంత కలిసినదో లెక్క కట్టలేము. నల్లగొండ గట్టున గుట్టమీది విజయవిహారునుండి చూచినచో సాయంకాలపు ఎండలో జలాశయము సముద్రమునకు తీసిపోదు. గది తీసికొనునపుడు నీటివైపు గది కావలెనని గట్టిగా అడుగవలెను. వెనుకవైపు గదికి, మన ఊరిలోని గదికి భేదము తక్కువ. ఇక్ష్వాకుల విజయపురి నీటమునుగుటకు ముందు త్రవ్వితీసిన శిల్పములు నాగార్జునకొండ దీవిమీది మ్యూజియమున ఉన్నవి. లాంచిలో పోవలెను, శుక్రవారము సెలవు. 2022లో తెరచిన బుద్ధవనము గట్టుమీదనే ఉన్నది. నడువగలవారికి ఒక పూట పట్టును.

మహబూబ్‌నగరు పాతజిల్లావారికి సోమశిల ఉన్నది. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించిన తరువాత అది నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. కొల్లాపురము దాటి దిగువకు పోయినచో శ్రీశైలము జలాశయపు వెనుకనీరు, దాని ఒడ్డున సోమేశ్వరాలయము, పర్యాటకశాఖవారి కుటీరములు కనబడును. నల్లమల కొండలు ఎదుట నీటిలో కాళ్లు చాపుకొని కూర్చున్నట్లుండును. ఇంత అందమునకు ఇంత తక్కువ పేరు ఉండుట మాకు ఆశ్చర్యము. పేరు పెరిగినకొలది గోలయు పెరుగునను భయము కూడ ఉన్నది.

జలాశయము అలలు లేనిదని భయము విడువరాదు. నీటి అడుగున ఉన్నది చదునైన చెరువునేల కాదు, మునిగిన కొండవాలు. రెండు అడుగులు మోకాలిలోతు, మూడవ అడుగు మనిషిలోతు. పైగా ఒండ్రుమట్టి కాలిని వదలదు. 2007 జనవరిలో కొల్లాపురము దగ్గర మంచాలకట్ట రేవున పడవ మునిగి అరువదిమంది వరకు మరణించిరి. ప్రయాణికులు రక్షణకవచములు తొడిగికొనని పడవ ఎక్కరాదు. 'పది నిమిషములే గదా' అను పడవవాని మాటకు లొంగరాదు. పిల్లల కొలత కవచములు ఉన్నవో లేవో చూచి మరీ ఎక్కవలెను.

సోమశిలకు నెలను ఎంచుకొనుట నీటిమట్టము మీద ఆధారపడును. శ్రీశైలము జలాశయపు పూర్తిమట్టము 885 అడుగులు. వానకాలపు వరద వచ్చి మట్టము ఆ దరిదాపులకు చేరినపుడు కుటీరముల ముంగిటివరకు నీరు కనబడును, శ్రీశైలమునకు లాంచి నడుచును. వేసవికి నీరు వెనుకకు పోయి, ఒడ్డుననుండి నీటివరకు పగుళ్లు తీసిన రేగడి మిగులును. అప్పుడు విహారి మొగము చిన్నబోవును. భక్తుని మొగము వికసించును. ఏలయనగా ఆవలిగట్టున సంవత్సరములో ఎక్కువ నెలలు నీటిలోనే ఉండు సంగమేశ్వరాలయము ఆ దినములలోనే బయటపడును. లాంచి ప్రయాణము కోరువారు వరదకాలము వెళ్లిన తరువాత, శరత్తులోను హేమంతములోను పోవలెను. సంగమేశ్వరుని దర్శింపదలచినవారు మాఘఫాల్గుణములు దాటనిచ్చి, నాటి మట్టము ఎన్ని అడుగులో విచారించి బయలుదేరవలెను.